నాలుగు నిమ్మకాయల మీద

నేను ఒక అమ్మకపు సరుకును. ఈ మధ్య అయినది కాదు, పుట్టినప్పటి నుంచీ అంతే. డెట్రాయిట్‌లో నా తలుపుల రంగు ఇంకా ఆరకముందే ఒక పెద్దమనిషి వచ్చి నా చుట్టూ ప్రదక్షిణం చేసి, టైరును బూటుకాలితో ఒక్క తాపు తన్ని పెదవి విరిచాడు. మనుషులకు అదేం అలవాటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఏ ఊళ్లో ఎన్ని చేతులు మారినా, కొనే ఉద్దేశంతో వచ్చినవాడు నాకు ముందు ఇచ్చింది ఆ తాపే.

నన్ను లిమోసిన్ అంటారు. బోనెట్టు కింద ఎనిమిది సిలిండర్లు. లోపల ఏడుగురు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. డ్రైవరుకూ యజమానికీ మధ్య ఒక అద్దం ఉంటుంది, మీట తిప్పితే లేస్తుంది. అద్దం లేపితే తన మాటలు డ్రైవరుకు వినపడవని యజమాని నమ్మకం. వినపడతాయి. కాకపోతే డ్రైవర్లు మర్యాదస్తులు, వినపడనట్టే ఉంటారు. ఇక అమెరికా పుట్టుక కాబట్టి నా స్టీరింగు ఎడమవైపు. ఈ దేశంలో దిగిన నాటి నుంచి నేటిదాకా, నన్ను నడపబోయే ప్రతివాడూ ముందు కుడి తలుపు తీసి, నాలిక కరుచుకుని, చుట్టూ తిరిగి వచ్చాడు.

ఓడ మీద విశాఖపట్నం హార్బరులో దిగాను. నన్ను తెప్పించుకున్నది ఉత్తరాన ఒక చిన్న జమీందారు. జమీందారీలు పోతున్నాయని పేపర్లు రోజూ రాస్తున్న రోజులవి. ఇప్పుడెందుకండీ ఇంత బండి అని ఎవరో అడిగితే, "ఉన్నన్నాళ్లైనా ఉన్నట్టు ఉండాలి కదా" అన్నాడట. ఆ ఉన్నన్నాళ్లూ ఎంతో కాలం లేవు. నన్ను అమ్మకానికి పెట్టినప్పుడు దివానుగారు జనపనార మిల్లు యజమానికి నన్ను చూపిస్తూ, "మంచు దేశంలో పుట్టిందండి, వేడెక్కడమంటే ఏమిటో దీనికి తెలియదు" అన్నాడు. నాకు తెలుసు. ఘాటు రోడ్డు ఎక్కితే నా రేడియేటరులో నీళ్లు కుతకుతా ఉడికేవి. దివానుగారికీ తెలుసు. ఆ సంగతి చెబుదామంటే నాకున్నది ఒక్క హారను, అది కూడా వాళ్లు నొక్కితేనే.

పాపం, మిల్లు యజమాని కొత్త పెళ్లాన్ని ఎక్కించుకుని అరకు బయలుదేరాడు. అనంతగిరి మలుపులో నేను ఆవిరి కక్కుతూ ఆగిపోయాను. ఆయన సూటు, టై, చేతిలో బకెట్టుతో ఎక్కడో కింద పారుతున్న గెడ్డ దాకా దిగి నీళ్లు మోశాడు. ఆ పెళ్లాం ఆయనతో మళ్లీ ఘాటు ఎక్కలేదు. తర్వాత ఆయన నన్ను ఒక కాంట్రాక్టరుకు అంటగడుతూ, రేడియేటరు మాట మింగేసి, సీట్ల మెత్తదనం గురించి అరగంట చెప్పాడు. నా మీద చెప్పిన ప్రతి అబద్ధానికీ శిక్ష పడింది చెప్పినవాడికి కాదు, కొన్నవాడికి. నాకది సిగ్గుగా ఉండేది, అయినా సిగ్గుపడ్డ కారును ఎవరు కనిపెడతారు?

కాంట్రాక్టరుకు సీట్లు అక్కర్లేదు. నా ఇంజను ఊడదీసి అనకాపల్లి దగ్గర చెరకు గానుగకు బిగించాడు. మిగిలిన నన్ను ఒక గోడ పక్కన తోసేశాడు. యజమానులు కాళ్లు చాపుకున్న చోట కోళ్లు గుడ్లు పెట్టాయి. ఆ గోడ పక్కన ఎన్నేళ్లున్నానో లెక్కపెట్టడం మానేశాను.

అక్కడ నన్ను చూసినవాడు పిల్లా నూకరాజు. విశాఖ పాత ఊళ్లో పాత కార్లు బాగుచేసే షెడ్డు అతనిది. అతను టైరు తన్నలేదు. తన్నడానికి టైరు లేదనుకోండి. బోనెట్టు ఎత్తి, లోపల ఖాళీ చూసి, "అయ్యో, నీ గుండెకాయేదే తల్లీ?" అన్నాడు. గానుగ గానుగా తిరిగి ఇంజను కనిపెట్టి తెచ్చాడు. దాన్నిండా బెల్లం మడ్డి. అతని భార్య పైడితల్లి సీట్ల పనిలో చెయ్యి తిరిగిన మనిషి. తోలు కుట్టింది, తెరలు కుట్టింది, కోళ్ల కంపు వదలగొట్టింది. నాలుగేళ్లు ఇద్దరూ నా చుట్టూనే బతికారు. నా నల్లరంగులో మళ్లీ మనుషుల ముఖాలు కనిపించడం మొదలయ్యాక షెడ్డు ముందు బోర్డు పెట్టారు, అమ్మబడును అని.

బోర్డు చూసి కాదు, ఎవరో చెప్పగా భీమవరం నుంచి ముదునూరి రామభద్రరాజుగారు వచ్చారు. చేపల చెరువుల ఆసామి. పాత కార్లంటే పిచ్చి. ఇంటి దగ్గర షెడ్లో మరో మూడు పాత కార్లు పాడుబడి ఉన్నాయట. నన్ను చూసి, టైరు తన్ని, నూకరాజు భుజం తట్టారు.

"ఇది గానీ సరిగ్గా ఉందా, ఆ మూడూ నీకే ఇస్తానయ్యా. బాగుచేసే మనిషి దొరక్క వెతుకుతున్నాను."

ఆ మాట నూకరాజుకు ఎంతటిదో నాకు తెలుసు. అలాంటి పని ఇచ్చేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. ఆ మూడు కార్లు వస్తే షెడ్డు ఉంటుంది. రాకపోతే మూసేసి, బావమరిది బైకుల షోరూములో నట్లు బిగించుకుంటూ బతకాలి. ఆ రాత్రి పైడితల్లి నా వెనక సీటు మీద కూర్చుని ఆనందంతో ఏడ్చింది. నేనూ ఏడ్చేదాన్నే, కానీ కొత్తగా బిగించిన రేడియేటరు కారనివ్వలేదు.

అంతా కుదిరాక, అప్పగింతకు ముందురోజు సాయంత్రం నా హ్యాండ్‌బ్రేకు కేబులు తెగింది. అసలుది దొరక్క లారీ కేబులు కోసి కట్టిన అతుకు అది. లాగగానే టప్‌మంది. నూకరాజు చేతిలో పిడి ఒక్కటే మిగిలింది. కొత్తది చేయించాలంటే వారం పైమాటే. షెడ్డేమో కొండవాలులో ఉంది. నా మూతి కిందికి, హార్బరు లారీలు పరిగెత్తే రోడ్డువైపు ఉంది.

"రాజుగోరికి సెప్పీ మావా," అంది పైడితల్లి. "ముహూర్తం మార్సుకుంతారు."

"మార్సుకోరే. ఆయన తల్లిగోరు పెట్టించిన ముహూర్తం. పని సరిగ్గా నేదని ఆ మూడు కార్లూ ఇంకోడికిచ్చేస్తారు. ఏటవుద్ది సెప్పు? బండి నడుపుకుని ఎల్లరు కదా, ట్రైలరు మీదెక్కించుకుని ఎల్తారు. నాను వారంలో భీమవరం ఎల్లి కేబులు ఏసేత్తాను. ఎవలికీ తెలీదు."

అతను చెడ్డవాడు కాదు. భయపడినవాడు. దివానుగారి నోట విన్న మాటల్లాంటివే ఇతని నోట వింటుంటే నాకు ఎక్కడో బోల్టు సడలినట్టయింది.  పైడితల్లి నా నాలుగు చక్రాల ముందూ చెక్క దిమ్మలు తన్ని బిగించి వెళ్లింది.

తెల్లారి అందరూ వచ్చారు. రాజుగారు, ఆయన తల్లి సుభద్రాయమ్మగారు, వెంట తెచ్చుకున్న శాస్త్రిగారు. ఎనభై దాటిన ఆవిడ కర్ర సాయం లేకుండా వాలు ఎక్కి వచ్చింది. ట్రైలరు లారీ కింద రోడ్డు పక్కన ఆగింది. నాకు పసుపు పూశారు, బొట్లు పెట్టారు, బంతిపూల దండలు వేశారు. అంతవరకు బాగానే ఉంది. అప్పుడు శాస్త్రిగారు సంచిలోంచి నాలుగు నిమ్మకాయలు తీశారు.

"చక్రాల ముందు ఇవి పెట్టాలి. ఆ దిమ్మలు తీసేయండి."

నిమ్మకాయ పెట్టే చోటూ దిమ్మ ఉన్న చోటూ ఒక్కటే.  నూకరాజు నోరు తెరిచాడు. రాజుగారు అతనికేసే చూస్తున్నారు. నోరు మూసుకున్నాడు. గబగబా లోపలికి ఎక్కి, నన్ను మొదటి గేరులో వేసి, దిగాడు. ఇంజను కట్టేసి గేరులో ఉంచితే ఆ ఇంజనే నన్ను కదలనివ్వదు. ఆ లెక్క సరైనదే. ఎవరూ గేరు ముట్టుకోనంతవరకు సరైనది.

దిమ్మలు ఒక్కొక్కటే తీశారు. మూడు దిమ్మలు గోడకు చేరాయి. నాలుగోది పైడితల్లి చేతిలోనే ఉండిపోయింది. నా కింద ఇప్పుడు నాలుగు నిమ్మకాయలున్నాయి. నేను రెండున్నర టన్నుల దాన్ని.

"తాళం అమ్మగారి చేతికివ్వండి. ఇంటి పెద్ద ముందుగా కూర్చోవాలి," అన్నారు శాస్త్రిగారు.

"అమ్మగోరు ఎనకాల సీట్లో కూకుంతే బాగుంతాది కదండీ," అన్నాడు నూకరాజు.

"వెనకాల ఎందుకయ్యా? స్టీరింగు మీద తొలి చెయ్యి మా అమ్మదే పడాలి," అన్నారు రాజుగారు.

సుభద్రాయమ్మగారు ఎడమవైపు ఎక్కి కూర్చుంది. ఆవిడ పాదాలు పెడళ్లకు అందలేదు. స్టీరింగును రెండు చేతులా కళ్లకద్దుకుంది. నా ముందు శాస్త్రిగారు హారతి వెలిగించారు. ఆయన పక్కనే రాజుగారు చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. వాళ్ల వెనక వాలు, వాలు కింద రోడ్డు, రోడ్డు మీద లారీల మోత. నేను ఇంజనుని బిగబట్టుకుని ఉన్నాను. ఇంత భయం నాకు సముద్రం మీద తుఫానులో కూడా కలగలేదు.

పెద్దావిడ కొంగుముడి విప్పి పసుపుతాడు తీసింది. బండికి రక్ష కట్టాలి కదా. ఎక్కడ కట్టాలా అని చూసింది. నా గేరు కొమ్మ ఇప్పటి కార్లలోలాగా కింద ఉండదు, స్టీరింగు పక్కనే గొడుగు పిడిలాగా ఉంటుంది. దాన్ని చూసి ముచ్చటపడింది. తాడు మూడు చుట్లు చుట్టి, ముడి బిగియడానికి గట్టిగా కిందికి లాగింది.

గేరు ఊడింది.

నేను కదిలాను. నా తప్పేమీ లేదు, వాలు లాగితే కదలడం తప్ప నాకేం చేతనవును? నిమ్మకాయలు చితికిన చప్పుడు నాకు వినిపించింది. శాస్త్రిగారు హారతి పళ్లెంతో సహా పక్కకు గెంతారు. రాజుగారు కళ్లు తెరిచి, "అమ్మా!" అని అరిచి, బ్రేకు తొక్కడానికి పరిగెత్తారు. కుడివైపు తలుపు తీసి లోపలికి దూకారు. అక్కడ స్టీరింగు లేదు, బ్రేకు లేదు, పైడితల్లి కుట్టిన మెత్తటి సీటు మాత్రం ఉంది. నూకరాజు రెండు చేతులూ నా బంపరుకు ఆనించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి తోస్తున్నాడు. అతని చెప్పులు జారుతున్నాయి. నేను అతని మీదికే వస్తున్నాను. ఆగాలని ఎంత కోరుకున్నానో! కోరుకుంటే ఆగే బ్రేకు ఏ కార్ఖానావాళ్లూ బిగించరు.

పైడితల్లి ముందు చక్రం కిందికి దిమ్మ విసరలేదు. వంగి, పెట్టింది. వేళ్లు తీసిందో లేదో నా టైరు దాని మీదికి ఎక్కబోయి, ఒక్క కుదుపుతో ఆగింది. ఆమె లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు దిమ్మను కప్పేశాయి.

ముందుగా వినిపించింది సుభద్రాయమ్మగారి నవ్వు.

"చూశావురా భద్రం! తాడు కట్టీ కట్టగానే ఎలా కదిలిందో! ఇంజనైనా వెయ్యలేదు!"

శాస్త్రిగారు వంగి చూశారు. నాలుగు నిమ్మకాయలూ ఒక్క పెట్టున చితికాయి. ఆయన జీవితంలో అలా ఎప్పుడూ జరగలేదట. ఒకటో రెండో పక్కకు జారిపోతాయట. "అమ్మవారే కదిలించింది. ఇంతకంటే శుభశకునం ఉండదు," అన్నారు. రాజుగారు దిగి వచ్చారు. ముఖం వెలిగిపోయింది. నూకరాజును కౌగలించుకున్నారు.

"ఆ మూడూ నీవేనయ్యా. రేపే ట్రైలరు పంపిస్తాను."

అయిపోయింది. బేరం కుదిరింది. అబద్ధానికి హారతి కూడా ఇచ్చేశారు. నూకరాజు పెదవులు నవ్వడానికి ప్రయత్నిస్తున్నాయి. ఇక ట్రైలరు మీదికి ఎక్కించడమే మిగిలింది. అప్పుడు సుభద్రాయమ్మగారు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ట్రైలరు ఎందుకురా? అమ్మవారు కదిలించిన బండి. దీంట్లోనే వెళ్దాం. నువ్వు నడుపు. దారిలో అన్నవరం కొండెక్కి స్వామిని చూసుకుని పోదాం."

కొండ. మలుపులు. గుడి ముందు వాలులో ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, తల్లిని దింపుతారు. చుట్టూ జనం. నేను పైడితల్లిని చూశాను. ఆమె నా చక్రం దగ్గర నుంచి కదల్లేదు, భర్తకేసి చూస్తోంది. నూకరాజు ఒకసారి షెడ్డుకేసి చూశాడు. తర్వాత నేల చూశాడు.

"ఎల్లొద్దమ్మగోరూ," అన్నాడు. "అమ్మోరు కదిలించనేదు. మీరు తాడు కట్టింది గేరు కొమ్మకి. అది లాగితే గేరు ఊడిపోయింది. బండికి హ్యాండ్‌బ్రేకు నేదు. నిన్న తెగిపోయింది. నాకు తెలుసు. సెప్పనేదు."

పైడితల్లి పక్కకు జరిగింది. దిమ్మ అందరికీ కనిపించింది.

రాజుగారు దిమ్మకేసి, తల్లికేసి చూసి నూకరాజు మీదికి వచ్చారు. "మా అమ్మని నిమ్మకాయల మీద కూర్చోబెట్టావురా! నీ నోరు పెగలడానికి ఇంత జరగాలా? ఆవిడకేమైనా అయితే? ఆ మూడు కార్లు గోదాట్లో తోస్తాను గానీ నీ చేతికివ్వను!" నూకరాజు కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

సుభద్రాయమ్మగారు మెల్లగా దిగింది. తలుపు పట్టుకుని నిలబడింది. "ఇందాక కదిలినప్పుడు నాకు భయమెయ్యలేదు," అంది. "ఇప్పుడు కాళ్లు వణుకుతున్నాయి." కొడుకు చెయ్యి పట్టుకోబోతే వద్దంది. నూకరాజుకేసి చాలాసేపు చూసింది.

"బాగుచేశాక కబురు చెయ్యి."

"నువ్వూరుకో అమ్మా!" అన్నారు రాజుగారు.

ఖాళీ ట్రైలరు వెళ్లిపోయింది. మర్నాడు నూకరాజు నా దండలు తీసేసి, పసుపు కడిగి, నా కిందికి దూరాడు. ఈసారి అతుకు పెట్టలేదు. లేతు మిషను పనివాడి దగ్గర కూర్చుని కొలిచి కొలిచి కొత్త కేబులు చేయించాడు. మధ్యలో ఇద్దరు ముగ్గురు బేరానికి వచ్చారు. అతను వాళ్లకు మొట్టమొదట చెప్పే మాట, "దీని హ్యాండ్‌బ్రేకు ఒకసారి తెగిందండి, మనుషులు సచ్చిపోవలసింది." వాళ్లు టైరు కూడా తన్నకుండా వెళ్లిపోయేవారు. నన్ను అమ్మినవాళ్లందరూ పొగిడి అమ్మారు. ఇతను నన్ను తిడుతూ అమ్మజూశాడు. నాకు అతని మీద పుట్టిన ప్రేమ ఇంకే యజమాని మీదా పుట్టలేదు. బావమరిది మాత్రం వచ్చి, షోరూములో ఖాళీ ఎన్నాళ్లో ఉండదని చెప్పి వెళ్లాడు.

కబురు చేశారు. జవాబు లేదు. మళ్లీ చేశారు. ఒక పొద్దున వాలు కింద కారు ఆగింది. సుభద్రాయమ్మగారు దిగింది. రాజుగారు దిగలేదు, అద్దం కొంచెం దించి కూర్చున్నారు. ఆయన పైకి చూడటం లేదు.

"అయిందా?" అంది ఆవిడ.

"అయిందమ్మగోరూ."

"నాకు బ్రేకుల సంగతి తెలియదు నాయనా. మనిషి సంగతి చూపించు."

నూకరాజుకు అర్థమైంది. పైడితల్లిని స్టీరింగు ముందు కూర్చోమన్నాడు. దిమ్మలన్నీ తీసేశాడు. గేరు తీసేయమన్నాడు. హ్యాండ్‌బ్రేకు లాగమన్నాడు. ఆమె లాగింది, కానీ కుడికాలు బ్రేకు పెడలు మీదే ఉంచింది. అతను నా ముందుకు వచ్చి, వాలులో, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"కాలు తియ్యి పైడీ."

"నాను తియ్యను."

"తియ్యే."

ఆమె కాలు వణకడం నాకు పెడలు ద్వారా తెలుస్తోంది. తీస్తే మొత్తం బరువు ఆ కొత్త కేబులు మీద పడుతుంది. పట్టుకుంటుందో లేదో నాకూ తెలియదు. కిందున్న కారులోంచి రాజుగారు దిగి నిలబడ్డారు. ఈసారి పైకే చూస్తున్నారు.

సుభద్రాయమ్మగారు చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని నడిచివచ్చింది. నూకరాజు పక్కన, నా బంపరుకు జానెడు దూరంలో, అతనిలాగే నాకు వీపు పెట్టి నిలబడింది.

"అమ్మా!" కింద నుంచి కేక.

"ఇప్పుడు తియ్యమ్మాయ్," అంది ఆవిడ.

పైడితల్లి కళ్లు మూసుకుని కాలు తీసింది. నా బరువంతా ఒక్కసారిగా ఆ కేబులు మీదికి వాలింది. కేబులు కిర్రుమంది.

నేను కదల్లేదు.